మరలివచ్చే వేళ

రేపు ఉదయం సైకిలు మీద దూరప్రయాణం పోదలచినవాడు ముందునాటి రాత్రి దీపం ముందు కూర్చుండి, పెన్సిలు పట్టుకొని లెక్కలు వేసుకోవడం చూస్తే కొందరికి నవ్వు వస్తుంది. విహారానికి లెక్క ఏమిటని వారి ఆక్షేపణ. అడవిని చూడబోయేవాడు గడియారాన్ని ఇంటనే విడిచిపోవలెనని, దారి ఎటు తీసుకొనిపోతే అటు పోవడమే స్వేచ్ఛ అని వారు అంటారు. వినడానికి ఇది ఇంపైన మాటే. మోటారులో పోయేవాడి విషయంలో కొంతవరకు చెల్లుతుంది కూడా. పెట్రోలు అయిపోతే మరల కొనుక్కోవచ్చు. సైకిలు తొక్కేవాడి దగ్గర మాత్రం చెల్లదు. గడప దాటి అతడు పోయిన ప్రతి క్రోసూ తిరిగి తీర్చవలసిన అప్పు. తీర్చవలసినవి అతని కాళ్ళే. సాయంకాలానికి అవి ఉదయమున్న కాళ్ళు కావు.

మథురలో కాపురముండే ఒక బడిపంతులో, ఒక కచేరీ గుమాస్తానో మార్గశిరంలో ఒక సెలవునాడు భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ ఘనాకు పోయి రావలెనని సంకల్పించినాడని అనుకోవచ్చు. ఘనా అంటే దట్టమైన అడవి. పేరు అడవిదే గాని వానలు బాగా కురిసిన ఏట అక్కడ మూడోవంతు నేల నీళ్ళ కింద ఉంటుంది. మొత్తం సుమారు 29 చదరపు కిలోమీటర్ల ఆవరణ. నీళ్ళ నడుమ మట్టి దిబ్బలు, దిబ్బల మీద నల్లతుమ్మ చెట్లు, చెట్ల మీద కొంగల గూళ్ళు. గట్ల వెంబడి కదంబాలు, నేరేళ్ళు. మెట్ట పక్కన మనుబోతులు, చుక్కల దుప్పులు, శీతకాలపు ఎండకు బొరియలోనుండి బయటికి వచ్చి పడుకొనే కొండచిలువలు. మధ్య ఆసియానుండి, సైబీరియానుండి బాతులు గుంపులు గుంపులుగా వచ్చి ఆ నీళ్ళమీద చలికాలం గడుపుతాయి. మోటారు బండ్లను లోపలికి దూరం పోనివ్వరు. చూడవచ్చినవారు నడిచో, రిక్షామీదనో, సైకిలుమీదనో పోవలసినదే. సైకిలువానికి ఇంత గౌరవం ఇచ్చే అడవి దేశంలో అరుదు.

ఇక అతని లెక్క. మథురనుండి భరత్‌పూరుకు సుమారు 40 కిలోమీటర్లు. పాత బరువైన సైకిలు, సమతలమైన దారి. గంటకు 12, 13 కిలోమీటర్లకంటె ఎక్కువ ఆశించరాదు. పోవడానికి మూడుంపావు గంటలు. రావడానికి మూడున్నర, ఎందుకంటే శరీరం అలసి ఉంటుంది. పడమటి గాలి వీస్తే పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. కాని గాలిని నమ్మి లెక్క వేసేవాడు చెరువులోని చేపను చూచి కూర తరుగుకొనేవాడి వంటివాడు. ఆ రోజులలో అక్కడ పగలు పదిన్నర గంటలైనా ఉండదు. ఐదున్నరకు చీకటి ముసురుకొంటుంది. ఉదయం పొగమంచు ఒకటి ఉన్నది. వ్రజభూమిలో పుష్య మాఘాల మంచు ఎట్లాంటిదంటే పది అడుగుల దూరంలోని లారీ, దీపం కనపడకముందు చప్పుడుగా వినపడుతుంది. అట్లాంటి ఉదయాన ఏడింటికి బయలుదేరడం సాహసం కాదు, అజాగ్రత్త. మంచు విడిచేదాకా ఆగితే పగటిలో రెండు గంటలు పోతాయి. అప్పుడు సైకిలును రైలులో బ్రేకువానులో వేసుకొని పోవడమో, ఉత్త చేతులతో పోయి ఘనా ద్వారం దగ్గర అద్దె సైకిలు తీసుకోవడమో మేలు. ఇంటినుండి తొక్కుకొంటూ పోయినానని చెప్పుకోవడంలో ఒక గర్వం ఉన్నది. ఆ గర్వానికి ఎంత ధర ఇవ్వవచ్చునన్నది కూడా రాత్రి లెక్కలోకి రావలసిన సంగతే.

ఆగ్రానుండి రాదలచినవాడి పని మరింత కష్టం. దూరం 55 కిలోమీటర్లకు పైమాటే. పైగా దారిలో ఫతేపూర్ సిక్రీ ఉన్నది. రెండూ ఒకే రోజున చూడవచ్చునని కాగితం చెబుతుంది. కాగితం మీద అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అట్లా పోయినవాడు సిక్రీలో బులంద్ దర్వాజా మెట్లమీద నిలిచి ఘనాను గురించి తొందరపడతాడు, ఘనాలో నీటి ఒడ్డున నిలిచి ఆగ్రాను గురించి తొందరపడతాడు. ఒక రాత్రి భరత్‌పూరులో పడుకోవడం అతనికి తగిన పని.

మథురవాడు మంచులేని ఉదయాన్ని ఎంచుకొని ఏడింటికి బయలుదేరితే పదింపావుకు ద్వారం చేరుతాడు. చీకటి పడేలోగా ఇల్లు చేరవలెనంటే, ఒక పంక్చరుకు అరగంట విడిచిపెట్టి, ఒకటిన్నరకు అక్కడినుండి కదలవలె. తుమ్మముళ్ళ దేశంలో ఆ అరగంట దుబారా కాదు. ట్యూబుమీద వేయడానికి రబ్బరు ముక్క, సొల్యూషను, గరకు కాగితం, చేతిపంపు సంచిలో ఉండనే ఉండవలె. రొట్టెలు, బెల్లం, మంచినీళ్ళు, దీపం వంటివి చెప్పనక్కరలేదు. ముఖ్యమైనది ఆ ఒకటిన్నర. మిగిలిన అంకెలన్నీ అంచనాలు, అది ఒక్కటే నిర్ణయం.

దానిని ముందునాటి రాత్రే ఎందుకు చేయవలె? ఒకటిన్నర కాబోతుండగా అక్కడే ఆలోచించుకోరాదా? మధ్యాహ్నపు ఎండలో సారస దంపతులు గట్టున నిలిచి రెక్కలు విప్పి, మెడలు ఆకాశానికెత్తి ఒకదానికొకటి బదులు పలుకుతున్నప్పుడు, పోదామా ఉందామా అని తీర్పు చెప్పవలసినవాడు అప్పటికే లంచం తిన్నవాడు. ఇంకొక పావుగంట అని అతడు చెప్పే మాటకు కారణాలు దొరకకపోవు. రాత్రి దీపం ముందు కూర్చున్నవాడికి ఆ పక్షులవల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. అతనికి తెలిసినది తక్కువ, పక్షపాతమూ తక్కువే.

దీనికి ఒక సమాధానం రాకపోదు. నిన్నటి మనిషి నేటి మనిషిని శాసించడం స్వేచ్ఛ ఎట్లా అవుతుంది? నిన్నటివాడికి ఆ పక్షులు తెలియవు, ఆ ఎండ తెలియదు. తెలియనివాడి ఆజ్ఞకు తెలిసినవాడు లోబడవలెనా? ప్రశ్న బలమైనదే. పథకాలన్నిటిలోను ఉన్న లోపం ఇదే. అవి ఎల్లప్పుడూ తక్కువ తెలిసినవాడు వ్రాసినవే. ఐతే ఆ లోపం తెలిసినవాడు పథకంలో ఏమి వ్రాస్తాడన్నదే అసలు సంగతి. ఇన్నింటికి పట్టెతల బాతులను చూడవలె, ఇన్నింటికి ఎర్రకాళ్ళ కొంగలను చూడవలె అని వ్రాసుకొన్నవాడు అడవికి పోవడం లేదు, పద్దు పట్టుకొని సంతకు పోతున్నాడు. అవి కనపడకపోతే మోసపోయినట్టు తిరిగివస్తాడు. మరొకడు ఏమి చూడవలెనో వ్రాయడు. ఎప్పుడు మరలవలెనో మాత్రం వ్రాస్తాడు. నడుమనున్న మూడుంపావు గంటలను దేనికి విడిచినా విడవవచ్చు. ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకొంటుంటే చూస్తూ సమయమంతా గడిపినా అతని పథకం చెడదు. గడువుకంటె ముందే మరలవచ్చు. మబ్బు పట్టినా, గాలి మారినా, మోకాలు నొప్పి పుట్టినా ముందే మరలవలె. దాటరాదు, అంతే.

ఇందులో ఇతరుల పాలు కూడా ఉన్నది. చీకటిలో దీపంలేని సైకిలుమీద వచ్చేవాడు తన ప్రాణాన్ని మాత్రమే పణం పెట్టినానని అనుకొంటాడు. ఎదురువచ్చే లారీవాడి నిద్రలేని రాత్రులను, వాకిట్లో నిలుచున్న తల్లిని అతడు లెక్క వేయలేదు. వారిని అడగకుండా తన సంతోషానికి పూచీదారులుగా పెట్టినాడు. పోయి వస్తానని చెప్పి బయలుదేరే మర్యాద మన దేశంలో ఎక్కడ చూచినా ఉన్నది; పోతానని ఊరకే అనరు. ఆ రెండో మాట అలంకారం కాదు.

ఇంతవరకు ఇది ఒక మనిషి సెలవునాటి సంగతి. ఐతే అతడు చూడబోయే ఆ అడవి, ఆ నీరు కూడా ఇట్లాగే ఎవరో దీపాల ముందు కూర్చుండి వేసిన లెక్కల ఫలితాలేనని తెలిస్తే, సంగతి కొంచెం పెద్దదవుతుంది.

ఘనా సహజమైన పల్లం. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజైన సూరజ్‌మల్ గంభీర్, బాణగంగ నదులు కలిసేచోట అజాన్ బంద్ అనే కట్ట కట్టించిన తరువాత ఆ పల్లం నీటిపట్టు అయినది. 19వ శతాబ్దం చివర రాజవంశంవారు బాతుల వేటకోసం అందులో గట్లు వేసి, కాలువలు తవ్వి, తూములు పెట్టి నీటిని మడులుగా విభజించినారు. వానకాలంలో కట్టనుండి కాలువగుండా నీరు వదులుతారు. నీటితోపాటు చేపపిల్లలు వస్తాయి. చేపలకోసం కొంగలు వస్తాయి. ఒక తూము తలుపు ఎత్తే చేయి లేకపోతే ఆ స్వర్గం లేదు. ప్రకృతి అని చేతులు జోడించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

1902లో వైస్రాయి కర్జన్ అక్కడ వేటాడినాడు. కేవలాదేవుని గుడి దగ్గర రాతిపలకలమీద ఏ తేదీన ఎవరెన్ని తుపాకులతో వచ్చి ఎన్ని పక్షులను కొట్టినారో చెక్కి పెట్టినారు. అందులో పెద్ద అంకె 1938 నవంబరు 12వ తేదీది: వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన రోజు, 4,273 పక్షులు. అదీ ఒక పగటి విహారమే. దానికీ ముందునాటి రాత్రి లెక్కలు జరిగే ఉంటాయి. ఇప్పుడు దుర్భిణీలు మెడలో వేసుకొని, పుస్తకంలో పక్షుల పేర్ల పక్కన గీతలు పెట్టుకొంటూ వచ్చేవారు ఆ పలకల ముందు నిలిచి అసహ్యించుకొంటారు. అసహ్యం న్యాయమే. గీతకు, గుండుకు ఉన్న తేడా చిన్నది కాదు. అయినప్పటికీ రోజు ముగిసేసరికి ఒక పెద్ద అంకె చేతికి రావలెననే ఆత్రం రెండు చోట్లా ఒకే ముఖంతో కనిపిస్తుంది.

చివరి పెద్ద వేట 1964లో జరిగినది. రాజు వేట హక్కు 1972 వరకు నిలిచినది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో ఆ నీటిని పొలాలకు మళ్ళించి, పల్లాన్ని దున్నుకోవలెనన్న కోరిక చుట్టుపక్కల ఊళ్ళలో బలంగా ఉండేది. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ నెహ్రూకు చెప్పుకొని దానిని ఆపించినాడు. ఘనా ఈనాడు ఉన్నదంటే అందులో ఆయన ఋణం పెద్దది. తరువాత జరిగినదానిని చెప్పేటప్పుడు ఈ ఋణాన్ని మరువరాదు.

1982లో ఘనా జాతీయ వనమైనది. జాతీయ వనంలో పశువులు మేయరాదని చట్టం. చుట్టూ ఆఘాపూర్ మొదలైన ఊళ్ళవారి గేదెలు తరతరాలుగా ఆ నీళ్ళలో దిగి మేసేవి. ఆ ఏడాది నవంబరులో మేపు నిషేధించినారు. గ్రామస్థులు ఎదిరించినారు, పోలీసులు కాల్పులు జరిపినారు, మనుషులు చనిపోయినారు. పక్షుల మేలుకోసం జరిగిన పని అది. గేదెలు గడ్డిని తొక్కి పాడుచేస్తాయని, పక్షులకు చోటు లేకుండా చేస్తాయని నమ్మినవారు దుర్మార్గులు కారు. ఆ పక్షులకోసమే జీవితం గడిపిన పెద్దలు. సలీం అలీకి చెందిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కూడా ఆ నిషేధాన్ని కోరినదే.

గేదెలు పోయినాయి. నీటిగడ్డి పెరిగినది. ఒకదానిమీద ఒకటి అల్లుకొని అది మడుల ముఖాన్ని కప్పివేసినది. తేటనీరు తగ్గినది. బాతులకు ఈదడానికి చోటు తగ్గినది. ఎండిన మేర గడ్డి నిప్పుకు ఆహుతి కావడానికి సిద్ధంగా నిలిచినది. అదే బొంబాయి సంఘం 1980లో మొదలుపెట్టి పదేళ్ళు జరిపిన పరిశోధన ఫలితం 1991లో వెలువడినది: గేదెల మేపు ఆ నీటిపట్టుకు కీడు కాదు, దాని బ్రతుకులో అదీ ఒక భాగం. కోరినవారి ఇంటినుండే ఈ మాట వచ్చినదని గమనించవలె. తమ తప్పును తామే కొలిచి, అచ్చువేసి చెప్పిన విద్వాంసుల నిజాయితీకి నమస్కరించవలసినదే.

కాని గేదెలు తిరిగి రాలేదు. చట్టంలో పోవడానికి దారి ఉన్నది గాని రావడానికి లేదు. తరువాత గ్రామస్థులను లోపలికి వచ్చి గడ్డి కోసుకొని మోసుకొని పొమ్మన్నారు. లోపలికి చొరబడిన సర్కారు తుమ్మను వేళ్ళతో పెకలించి కలప తీసుకొని పొమ్మన్నారు. గేదె నోటితో చేసే పని మనిషి కొడవలితో చేయవలసి వచ్చినది. ఇది కొంత పరిష్కారమే. ఐతే 1982లో ఆ ఆజ్ఞ వ్రాసినవారెవరైనా, ఐదేళ్ళ తరువాత ఫలానా రోజున నీటిని, గడ్డిని, పక్షులను చూచి, చెడితే వెనుకకు మరలుదామని కాగితం చివర ఒక పంక్తి వ్రాసి ఉంటే ఎట్లా ఉండేది? ప్రాణాలు పోయినదంతా పోయినదే. మిగిలినదైనా మరోవిధంగా ఉండేదేమో. మథుర గుమాస్తా తన ఒక్క పగటికి చేసుకొన్న జాగ్రత్తను అంత పెద్ద పథకం చేసుకోలేదు. తాను తప్పు కావచ్చునన్న ఊహ అందులో లేదు. ప్రేమ మిక్కుటమైనచోట ఈ ఊహ పుట్టడం కష్టం; వైస్రాయి వేటకంటె రక్షకుని ప్రేమను ప్రశ్నించడం అందుకే కష్టమయింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవలె. గడువు పెట్టుకొన్న పథకాన్ని దురాశాపరులు సులభంగా వాడుకొంటారు. ఐదేళ్ళు ఓపిక పడితే చాలు, ఈ రక్షణ తొలగిపోతుందని కాచుకొని కూర్చుంటారు. నీటికోసం, నేలకోసం కాచుకొనేవారు ఘనా చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. చట్టం వెనుకకు చూడకుండా వ్రాయడానికి ఈ భయమే కారణం. భయం నిజమైనదే. దానికి చెల్లించిన మూల్యం కూడా నిజమైనదే. ఈ రెండింటిని ఒక తక్కెడలో పెట్టి తూచగలవాడు ఇంకా పుట్టలేదు.

నీటి కథ మరింత చిక్కైనది. గంభీర్ నదికి ఎగువన కరౌలీ ప్రాంతంలో పాంచనా ఆనకట్ట వచ్చినది. వానలు తగ్గిన ఏట ఆ నీరు రైతు చేనికి పోవలెనా, బాతు మడుగుకు రావలెనా? 2000 తరువాతి ఏళ్ళలో ఈ తగవు ముదిరి, ఘనా పలుమారులు ఎండినది. గడ్డిని మేసి కొంగలకు చోటు చేసిన గేదెవలె అక్కడ ఇద్దరికీ మేలు చేసే మధ్యవర్తి ఎవరూ లేరు. ఒకరి గొంతు తడిస్తే ఒకరిది ఎండుతుంది. తరువాత గోవర్ధన్ కాలువనుండి, చంబల్ నుండి నీరు తెచ్చే ఏర్పాట్లు చేసినారు. ఐతే గొట్టంలో వచ్చే నీరు వరదవలె చేపపిల్లలను వెంట తీసుకొనిరాదు. సైబీరియా కొంగలు 1960ల నడిమి కాలంలో 200 వరకు వచ్చేవి. చివరి జంట 2002 శీతకాలం దాటిన తరువాత మరల రాలేదు. వాటి దారిలో అఫ్గానిస్తాన్ ఉన్నది, అక్కడ యుద్ధం, దారి పొడుగునా వేటగాళ్ళు ఉన్నారు. నేరమంతా ఘనామీద వేయడం న్యాయం కాదు. అవీ పోయి రావడానికి బయలుదేరినవే.

అందుకని మథురవాడు ఇంట కూర్చోవలెనా? అవసరం లేదు. ద్వారం దగ్గర అతడు కట్టే రుసుము, రిక్షావాడికి ఇచ్చే కూలి ఆ చోటికి ఒక ఆధారం. అక్కడి రిక్షావాళ్ళు పక్షుల పేర్లు నేర్చినవారు. చెట్టుమీద పగలు నిద్రపోయే గుడ్లగూబను వారు చూపించేదాకా చదువుకొన్నవాడి కంటికి అది కొమ్మగానే ఉంటుంది. పోవడంలో దోషం లేదు. తనకోసం ఆ ఒక్క రోజు ఆ నీరు అక్కడ నిలిచి ఉండడానికి ఎవరెవరు ఏమేమి విడిచిపెట్టినారో తెలియకుండా పోయి రావడం మాత్రం కొంచెం అమర్యాద.

ద్వారం నుండి గుడిదాకా ఐదు కిలోమీటర్ల దారి. ఇరువైపులా నీరు. పాముమెడ పక్షి ఒకటి మునిగి, ఎక్కడనో దూరాన తేలుతుంది. అతడు దిగి సైకిలును గట్టుకు ఆనించి, ఆ రాతిపలకలు చదువుతాడు, రొట్టె తింటాడు. ఒంటిగంట దాటిన తరువాత, ఎక్కడినుండో లేచిన బాతుల గుంపు ఎండలో ఒక్కసారిగా తిరిగి మడిమీద వాలుతుంది. ఇంకా చూడని మడులు అవతల ఉన్నాయి. వాటి వైపు పోయే బాట ఖాళీగా ఉన్నది. ఒకటిన్నర అవుతుంది.

అతడు సైకిలు తిప్పుతాడు. ద్వారం బయట, ఘనా గోడ పక్కగా, ఒక పిల్లవాడు కర్ర భుజాన పెట్టుకొని గేదెలను తోలుకొంటూ దారికి అడ్డం వస్తాడు. గంట మోగించినా అవి తొందరపడవు. మథురవాడు ఒక కాలు నేలకు ఆనించి, అవన్నీ దాటేదాకా నిలబడతాడు. కడపటి గేదె గోడవైపు ఒకసారి మూతి ఎత్తి, మళ్ళీ నడుస్తుంది. మథుర దారిలో ఆవచేలు పూతమీద ఉన్నాయి. గాలి ఇంకా పడమటినుండే వీస్తున్నది.